పదకొండో కంప్యూటరు

ఆ ఆస్పత్రిలో ఇంటర్నెట్ లేని కంప్యూటర్లు పదకొండు. రక్తపరీక్షల గదిలో నాలుగు, ఆపరేషన్ల విభాగంలో మూడు, మందుల స్టోర్లో రెండు, రికార్డుల గదిలో ఒకటి, ఎక్స్‌రే గదిలో ఒకటి. వాటికి బయటి గాలి తగలకూడదని యంత్రాలు అమ్మినవాళ్లే షరతు పెట్టారు. అయినా యాంటీవైరస్ తప్పదు. నెట్ ఉంటే అది దానంతటదే దిగి కూర్చుంటుంది. లేనిచోట ఒక మనిషి ప్రోగ్రామంతా ఒకే ముద్దగా పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చి, ఒక్కో కంప్యూటరు ముందూ కూర్చుని ఎక్కించాలి.

తొమ్మిదేళ్లుగా ఆ మనిషి ఒక్కడే. సర్వీసు కంపెనీ తరఫున వస్తాడు. మంగళవారం తొమ్మిదిన్నరకి అతను రక్తపరీక్షల గదిలో అడుగుపెట్టేసరికి, గాజుగొట్టాలకి చీటీలు అంటిస్తున్న ల్యాబ్ ఆయన తలెత్తకుండానే, "వైరసొచ్చింది, జరగండి జరగండి," అన్నాడు.

"నమస్తే అన్నా. ఈసారి ఒక్కోదానికి ముప్పావుగంట పడుతుంది. కొత్త వెర్షను."

"ముప్పావుగంటా? ఈలోపు నా రక్తాలన్నీ గడ్డకట్టి కూర్చుంటాయి."

"రెండేసి చేస్తాను. మీ పని ఆగదు."

"తొమ్మిదేళ్లుగా ఇదే మాట. తొమ్మిదేళ్లుగా ఆగుతూనే ఉంది," అని ల్యాబ్ ఆయన కుర్చీ వెనక్కి లాక్కుని చోటిచ్చాడు.

పాత ప్రోగ్రాము తీసెయ్యాలి. కంప్యూటరు ఆపి వెలిగించాలి. కొత్తది ఎక్కించాలి. మళ్లీ ఆపి వెలిగించాలి. ఆ తర్వాత గుర్తుల ఫైలు విడిగా వెయ్యాలి. పోలీస్ స్టేషన్లో గోడకి అంటించిన దొంగల ఫొటోల్లాంటివి ఆ గుర్తులు. అవి లేకపోతే కాపలావాడు మేలుకునే ఉంటాడు గానీ ఎవర్ని పట్టుకోవాలో తెలీదు. అంతా అయ్యాక అతను చిన్న కాగితం ముక్క మీద తారీఖు రాసి, మానిటరు పక్కన టేపుతో అంటిస్తాడు. పాత ముక్కని గోరుతో గీకి తీసి జేబులో వేసుకుంటాడు.

కొత్తది ఎక్కేముందు తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. పాత రికార్డులు ఉంచాలా అని. పక్కనున్న గడిలో టిక్కు పెట్టే ఉంటుంది. ఉంచితే పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. వాటిని ఎవరూ ఎప్పుడూ చూడలేదు గనక అతను టిక్కు తీసేసి ముందుకెళ్లిపోతాడు. మధ్యాహ్నం రెండయ్యేసరికి పది కంప్యూటర్లలో పదిసార్లు టిక్కు తీశాడు. ఎక్స్‌రే గది మిగిలింది.

అది మూసి ఉంది. బయట బెంచీల మీద పదిహేనుమంది దాకా ఉన్నారు. ఒకాయన చెయ్యి గుడ్డలో కట్టుకుని, పళ్లు బిగించి గోడ కేసి చూస్తున్నాడు. పళ్ల విభాగంలో ఎక్స్‌రేలు తీసే ఆయన మూడింటికి వచ్చి ఇక్కడ కూడా తీస్తాడట. అప్పటిదాకా ఆగాలట.

"మరి ఊపిరక్క ఏది?" అని అడిగాడు అతను.

ఊపిరి పీల్చండి, పట్టండి, వదలండి అని పొద్దస్తమానం అంటుంది గనక పద్దెనిమిదేళ్లుగా ఆవిడ అందరికీ ఊపిరక్కే. ఎవరో వెళ్లి చెప్పారేమో, ఆవిడే వచ్చింది. టికెట్ల కౌంటరు వైపు నుంచి నడుచుకుంటూ, చేతిలో తాళాలు వేళ్ల మధ్య వెతుక్కుంటూ.

"నువ్వా నాయనా. రా. గది తీసుకున్నారు గానీ తాళాలు అడగడం మర్చిపోయారు. అందుకని ఇంకా ద్వారపాలకురాలి ఉద్యోగమైనా మిగిలింది నాకు."

"టికెట్ల దగ్గరున్నారేంటక్కా?"

"ప్రమోషను."

తలుపు తీసి లైటు వేసింది. సీసం అద్దం వెనక కుర్చీని అలవాటుగా జరిపి, గుర్తొచ్చినట్టు చెయ్యి తీసేసింది. కంప్యూటరు పెట్టిన అలమరా తాళం తీసి పక్కకి నిలబడింది.

"కిందటి నెల ఎక్స్‌రే బొమ్మలన్నీ పోయాయి కదా. ఆ వైరస్ నా వల్లే వచ్చిందని గురువారం పదకొండింటికి కమిటీ. తీసేస్తారంటున్నారు. కాంట్రాక్టు మనిషిని, తీసెయ్యడానికి కత్తెర కూడా అక్కర్లేదు."

"మీ వల్లని ఎవరన్నారు?"

"నేనే అన్నాను. నువ్వొచ్చి బాగుచేసిన రోజు ఏఓ గారు నిన్ను అడిగారుగా, ఎలా వచ్చిందయ్యా ఇదని. ఎవరో పెన్‌డ్రైవ్ పెట్టుంటారండీ అన్నావు నువ్వు. ఆయన మర్నాడు అందర్నీ వరసగా నిలబెట్టి అడిగారు. నేను పెట్టానన్నాను. పెట్టాను మరి. నా మనవరాలు పాటలు వేసిచ్చింది. భోజనాలప్పుడు జనం లేని టైములో రెండు పాటలు విన్నాను. రెండో పాట పూర్తిగా వినలేదు కూడా, కాలు విరిగినాయన వచ్చాడు."

అతను బ్యాగు దించి పెన్‌డ్రైవ్ తీశాడు. ఆ మాట అన్నట్టు అతనికి గుర్తులేదు. కానీ అనే ఉంటాడు. ఎక్కడ వైరస్ వచ్చినా, ఎవరడిగినా అనే మాటే అది. అంటే వినేవాళ్లు తలూపుతారు, అతను బ్యాగు సర్దుకుంటాడు.

"నాయనా, ఇందులో అది ఏ రోజున వచ్చిందో ఉంటుందా?"

"ఉండొచ్చు. ఎందుకక్కా?"

"కమిటీవాళ్లు అడుగుతారు. పాటలు ఏ రోజు విన్నానో నాకు సరిగ్గా గుర్తులేదు. పద్దెనిమిదో పంతొమ్మిదో. తప్పు ఒప్పుకునేటప్పుడు తారీఖుతో సహా ఒప్పుకోవాలి. నీళ్లు నమిలితే ఇంకేదో దాచిందనుకుంటారు."

కౌంటరు దగ్గర ఎవరో గంట కొట్టారు. మళ్లీ కొట్టారు. "చూసి చెప్పు," అని ఆవిడ వెళ్లిపోయింది.

అతను పాత ప్రోగ్రాములో చరిత్ర అనే పేజీ తెరిచాడు. తారీఖులు వరసగా ఉన్నాయి. పద్దెనిమిదో తారీఖు, ఒంటిగంటా పది. బయటి డిస్కు, నలభైఆరు ఫైళ్లు, అన్నీ పాటలు. తనిఖీ అయింది, దోషం లేదు. అతను ఆ వరసని రెండుసార్లు చదివాడు. తర్వాత కిందికి, ఇరవైఐదో తారీఖుకి వెళ్లాడు. బొమ్మలన్నీ తెరవడానికి వీల్లేకుండా తాళం పడిపోయిన రోజు అది. తాళం వేసిన ఫైలు పేరు ఉంది. దాని మీద నొక్కితే అది ఎప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో తెరుచుకుంది.

తొమ్మిదో తారీఖు, పదకొండూ నలభైరెండు. మూలం: బయటి డిస్కు. డిస్కు పేరు: సర్వీస్-3.

సర్వీస్-3 అతనిదే. కంపెనీలో ఐదు పెన్‌డ్రైవులున్నాయి. పేర్లు పెట్టిందీ అతనే, తెల్ల పెయింటుతో అంకెలు వేసిందీ అతనే. ఇవాళ తెచ్చింది ఇంకోటి, మూడోది ఆఫీసు సొరుగులో ఉంది.

తొమ్మిదో తారీఖు నెలవారీ గుర్తులు వెయ్యడానికి వచ్చిన రోజు. దాని పై వరసలో ఇంకోటుంది. పదకొండూ ముప్ఫైఆరు, కాపలా ఆపబడింది. ఎవరో కాదు, అతనే ఆపాడు. కాపలా నడుస్తుండగా ఫైలు వేస్తే ఈ ముసలి కంప్యూటరు తొమ్మిది నిమిషాలు తీసుకుంటుంది. ఆపి వేస్తే మూడు. మిగతా పదింటిలో ఆపాల్సిన పని ఉండదు. ఆ పెన్‌డ్రైవ్ పక్కన గోరంత మీట ఉంటుంది. కిందికి తోసి ఉంచితే అందులోంచి చదవగలరు తప్ప ఎవరూ అందులోకి ఏమీ ఎక్కించలేరు. ఆ రోజు పొద్దున జిరాక్సు షాపులో సంతకాల ఫారం ప్రింటు తీయించుకోవాల్సొచ్చింది. ఫారం అందులోకి ఎక్కించుకోవడానికి మీట పైకి తోశాడు. మళ్లీ కిందికి తోశాకే షాపు కంప్యూటరుకి పెట్టాడా? ఎంత గుర్తుచేసుకున్నా అతనికి షాపువాడి చెయ్యీ, వెచ్చగా ఉన్న కాగితాలూ గుర్తొచ్చాయి గానీ మీట గుర్తురాలేదు.

కొత్త ప్రోగ్రాము మొదలుపెట్టాడు. తెర మీద ప్రశ్న వచ్చింది. పాత రికార్డులు ఉంచాలా?

బాణం గుర్తుని గడి మీదకి తెచ్చాడు. బయట బెంచీ మీద ఎవరో దగ్గారు. ఒక్క నొక్కు నొక్కితే తొమ్మిదో తారీఖు ఉండదు. పద్దెనిమిదో తారీఖూ ఉండదు. పొద్దున్నించీ పదిసార్లు చేసిన పనే. అతను చాలాసేపు అలాగే కూర్చుని, చివరికి గడిని ముట్టుకోకుండా, రద్దు అన్నచోట నొక్కి ప్రోగ్రాము మూసేశాడు.

టికెట్ల కౌంటరు ముందునుంచే బయటికి దారి.

"ఇదొక్కటి ఇవాళ అవలేదక్కా. మళ్లీ వస్తాను."

"తారీఖు దొరికిందా?"

"చూడాలి," అన్నాడు చూసొచ్చినవాడు.

*

ఇంటికొచ్చేసరికి భార్య నేలమీద కూర్చుని చొక్కా కాలర్లు విప్పుతోంది. స్కూలు యూనిఫారాలు కుట్టే చోట పనిచేస్తుంది. ఒక కట్టకి కాలర్లు తిరగేసి కుట్టారని ముప్పై చొక్కాలు ఇంటికి తెచ్చుకుంది. బ్లేడుతో ఒక్కో కుట్టూ తెంపి, దారం ముక్కల్ని చీర మీంచి ఏరి పక్కన వేస్తోంది.

"తిరగేసి కుట్టింది నువ్వా?"

"నేనైతే ఇంత తీరిగ్గా విప్పుతానా? పక్క మిషన్ ఆవిడ. ఆవిడకి జ్వరం. నీకేంటి, మొహం వేలాడేసుకొచ్చావు?"

చెప్పాడు. జిరాక్సు షాపు దగ్గర్నుంచి సర్వీస్-3 దాకా. ఆమె చెయ్యి ఆపకుండా వింది.

"అంటే ఉద్యోగం పోతుందా?"

"పోవచ్చు."

"ఎవరిది?"

 ఆమె బ్లేడు కింద పెట్టి అతని కేసి చూసింది.

"నన్ను చెప్పమంటే నేను చెప్పను. ఇంటద్దె నీ జీతంలోంచే పోతోంది. చెప్పమన్నాననుకో, రేపు కష్టమొస్తే నువ్వే చెప్పమన్నావంటావు. వద్దన్నాననుకో, అప్పుడూ నా పేరే చెప్పుకుంటావు. నీ సంగతి నాకు తెలీదా?"

"ఊరికే అడిగాను."

"ఊరికే అడగలేదు. సరే, లే. వేణ్ణీళ్లున్నాయి, స్నానం చెయ్యి."

అతను లేవలేదు. ఒక చొక్కా తీసుకుని, ఇంకో బ్లేడుతో కాలరు విప్పడం మొదలుపెట్టాడు. రెండో కుట్టుకే గుడ్డ చీరుకుంది. ఆమె అతని చేతిలోంచి చొక్కా లాక్కుని, "ఇది కూడా కమిటీకి చెప్పు," అంది.

బుధవారం ఎనిమిదింటికే కంపెనీ ఆఫీసుకి వెళ్లాడు. సొరుగు తీసి సర్వీస్-3 బయటపెట్టాడు. మీట పైకే ఉంది. మూలనున్న పరీక్షల కంప్యూటరుకి ఏ తీగా తగిలించరు, అది ఇలాంటివాటి కోసమే. అందులో పెట్టి కొత్త గుర్తులతో వెతికించాడు. నాలుగు నిమిషాల్లో ఎర్రగీత వచ్చింది. అదే ఫైలు, అదే పేరు.

మేనేజరు వచ్చాక గదిలోకి వెళ్లి చెప్పాడు. మేనేజరు హెల్మెట్ కూడా పక్కన పెట్టకుండా, ఒళ్లో పెట్టుకునే విన్నాడు.

"ఇంకెవరికి చెప్పావు?"

"మా ఆవిడకి."

"ఆవిడేమంది?"

"నా పేరు ఎత్తకు అంది."

"తెలివైన మనిషి." మేనేజరు హెల్మెట్ టేబుల్ మీద పెట్టాడు. "చూడు. అబద్ధం చెప్పమని నేను అనట్లేదు. ఎవరూ నిన్ను అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పడం ఎందుకంటున్నా. వెళ్లు, రోజూ చేసేట్టే టిక్కు తీసెయ్, కొత్తది ఎక్కించు, వచ్చెయ్. మన పనిలో సగం ఆ ఆస్పత్రిదే. అది పోతే నువ్వొక్కడివే కాదు, ఆ బయట కూర్చున్న ముగ్గురూ కూడా."

"ఆవిణ్ణి తీసేస్తున్నారండి."

"పాటలు వినడం కూడా తప్పే కదా. రూల్లో ఉంది."

"ఉందండి. కానీ దానికి గట్టిగా అరుస్తారు, అంతే. బొమ్మలు పోయినందుకు తీసేస్తున్నారు."

"ఎన్నాళ్లుగా చేస్తున్నావు నా దగ్గర?"

"తొమ్మిదేళ్లు."

"నిన్ను నేనెప్పుడైనా అన్యాయం చెయ్యమన్నానా?"

"లేదండి."

"మరి?" అన్నాడు మేనేజరు.  కంప్యూటరు ఆన్ చేసుకున్నాడు.

అతను మెట్ల మీద నిలబడి పాత డైరీ తిరగేశాడు. తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం ఇంకో రెండు చోట్లకి వెళ్లాడు అదే పెన్‌డ్రైవ్‌తో. ఒక బడి ఆఫీసు, ఒక బట్టల మిల్లు గోడౌను. బడికి ఫోన్ చేసి, ఒంట్లో బాగోలేని పిల్లాణ్ణి చూడ్డానికి వెళ్లినట్టు ఆదరాబాదరాగా వెళ్లాడు. అక్కడ ఏమీ లేదు. ఆ రోజు అక్కడ కాపలా ఆపలేదు, కంప్యూటరు కొత్తది గనక ఆపాల్సిన పని పడలేదు.

గోడౌనులో ఆపాడు, అక్కడ ఉంది. ముడుచుకుని, నిద్రలో. దాన్ని తీసేసి, మొత్తం మళ్లీ వెతికించి, శుభ్రం అని వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. మూడు గంటలు పట్టింది. గోడౌను గుమాస్తా భుజం మీదుగా వంగి చూస్తూ నిలబడ్డాడు.

"ఇది లేచుంటే ఏమయ్యేది?"

"మీ సరుకు లెక్కలన్నీ తాళం పడిపోయేవి."

"అమ్మో. నాకు ఉరే." గుమాస్తా టీ తెప్పించాడు. "ఎవరూ పిలవకుండా వచ్చి చూశావు చూడు, అదీ మనిషంటే. మా ఓనరుకి చెప్తాను, మీ కంపెనీకి ఉత్తరం రాయమని."

"వద్దండి."

"అదేంటయ్యా, మంచి పని చేసి సిగ్గెందుకు?"

 అతను సగం గ్లాసు కిటికీ చట్రం మీద పెట్టి, బ్యాగు తగిలించుకుని, గుమాస్తా కేసి తిరిగాడు.

"దాన్ని తెచ్చింది నేనేనండి. కిందటి నెల. నా పెన్‌డ్రైవ్‌లోంచే వచ్చింది."

గుమాస్తా తన గ్లాసు కింద పెట్టాడు. "ఉత్తరం సంగతి మర్చిపో అయితే," అన్నాడు. ఖాళీ గ్లాసులు తీసుకుంటూ, అతని సగం గ్లాసు కూడా తీసుకున్నాడు. గుమ్మం దాకా వచ్చి, "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదా," అన్నాడు. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో అతనికి అర్థం కాలేదు.

*

గురువారం పదింబావుకి టికెట్ల కౌంటరు దగ్గర జనం పలచబడ్డారు. ఊపిరక్క ఇస్త్రీ చేసిన చీర కట్టుకుంది. ముందు ఒక పొడుగు రిజిస్టరు తెరిచి ఉంది. సెల్‌ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతోంది.

"అవునమ్మా, మళ్లీ తీయించుకోవాలి. మీకేమీ అవలేదు, బొమ్మ మాత్రమే పోయింది. టికెట్ అక్కర్లేదు, నా పేరు చెప్పండి. ఆఁ, నా వల్లే పోయింది. ఏమనుకోకండి." ఫోన్ పెట్టి, రిజిస్టర్లో ఒక పేరు ఎదురుగా గీత గీసి, అప్పుడు తలెత్తింది. "వచ్చావా. తారీఖు ఏమైంది?"

"ఏంటక్కా ఇది?"

"పోయిన బొమ్మలు నాలుగువందల పన్నెండు. ఒకటో తారీఖున నకలు తీసి పెడతాం కదా, ఆ తర్వాత తీసినవన్నీ పోయాయి. ఊపిరితిత్తులవాళ్లకి పాత బొమ్మ లేకపోతే తగ్గుతోందో పెరుగుతోందో డాక్టరుకి ఎలా తెలుస్తుంది? పిలిచి చెప్పమని ఎవరూ అనలేదు. నా ఫోనే, నా తీరికే. రెండొందలు దాటాను. కొందరు తిడతారు. వాళ్లే నయం. అయ్యో పర్లేదమ్మా అంటారు చూడు, వాళ్లతోనే కష్టం."

అతను బ్యాగులోంచి కాగితం తీసి కౌంటరు సందులోంచి లోపలికి తోశాడు. అంతకుముందే ఎక్స్‌రే గదికి వెళ్లి, ఆ రోజు పొద్దుటి పూటే వచ్చిన పళ్ల విభాగం ఆయన్ని పది నిమిషాలు ఆపి, ఆ పేజీని ప్రింటు తీసుకొచ్చాడు. రెండు వరసల కింద పెన్సిలుతో గీతలు గీశాడు.

"పద్దెనిమిదో తారీఖున మీ పాటలు. దోషం లేదని ఉంది. తొమ్మిదో తారీఖున వచ్చిందది. సర్వీస్-3 నా పెన్‌డ్రైవ్. నేను తెచ్చానక్కా. మీరు కాదు."

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. చదవడం అయ్యాక కూడా కాగితం మీంచి కళ్లు తియ్యలేదు. కౌంటరు ముందుకి ఒకాయన వచ్చి టికెట్ అడిగాడు. ఇచ్చింది. చిల్లర ఇచ్చింది. ఆయన వెళ్లిపోయాక కళ్లద్దాలు తీసింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మంగళవారం."

"ఇవాళ గురువారం."

"అవునక్కా."

"నా మనవరాలికి పదేళ్లు," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "ఆ రోజు ఇంటికెళ్లి ఆ పిల్లని కొట్టాను. ఎక్కడెక్కడి చెత్తా ఎక్కించి నా కొంప ముంచావని. పుట్టినప్పట్నుంచీ దాని మీద చెయ్యెత్తలేదు. అది మూడు వారాలుగా ఫోన్ ముట్టుకోవట్లేదు. పాట వినపడితే లేచి అవతలికి పోతోంది. ఇంట్లో ఎవరికి జలుబు చేసినా, అమ్మమ్మా ఇది కూడా నా వల్లేనా అని అడుగుతోంది."

అతను కౌంటరు చెక్క కేసి చూస్తూ నిలబడ్డాడు.

"నాకు ఉద్యోగం పోతుందన్న బాధ ఒకెత్తు. నాలుగువందలమందిని నేను ముంచానన్నది ఒకెత్తు. మూడు వారాలు మోశానయ్యా దాన్ని. నీ బ్యాగులోది."

"లోపల చెప్తాను."

"చెప్పు. నా కోసం చెప్తున్నట్టు మాత్రం చెప్పకు," అని ఆవిడ కాగితాన్ని రెండుగా మడిచి అతనికే తిరిగిచ్చింది.

కమిటీ అంటే ఆస్పత్రి పరిపాలన చూసే ఏఓ గారు, ఎక్స్‌రేలు చదివే పెద్ద డాక్టరమ్మ, రాసుకోవడానికి ఒక గుమాస్తా. ఊపిరక్కకి కుర్చీ వేశారు. అతనికి వెయ్యలేదు, అతన్ని ఎవరూ పిలవలేదు గనక. నిలబడే చెప్పాడు. ఏఓ గారు కాగితం తీసుకుని పైనించి కిందికి ఒకసారి, కిందనించి పైకి ఒకసారి చూశారు.

"ఆవిడ ఒప్పుకుంది కదయ్యా."

"పాటలు విన్నానని ఒప్పుకున్నారండి. వైరస్ తెచ్చానని కాదు."

"నువ్వే కదా ఎవరో పెన్‌డ్రైవ్ పెట్టారన్నావు?"

"అన్నానండి. చూడకుండా అన్నాను."

ఏఓ గారు కుర్చీలో వెనక్కి వాలారు. బయటివాళ్ల పెన్‌డ్రైవులు ముందు ఆయన ఆఫీసులో పరీక్షించి, సంతకం చేసిన చీటీతో పంపాలని నియమం. ఆ చీటీలు ఆయన పుస్తకం పుస్తకమంతా ముందే సంతకం పెట్టి గేటు దగ్గర ఉంచుతారు. ఆ సంగతి గదిలో ఉన్న ఐదుగురిలో నలుగురికి తెలుసు. ఐదో మనిషి డాక్టరమ్మ.

"ఈ కాగితం ఇవాళ రికార్డులో పెట్టకుండా, మీ కంపెనీతో మాట్లాడి..." అని మొదలుపెట్టారు ఆయన.

"ఆగండి," అంది డాక్టరమ్మ. అతని వైపు తిరిగింది. "కాపలా ఎందుకు ఆపావు?"

"తొందరగా అవుతుందనండి."

"ఎంత తొందరగా?"

"ఆరు నిమిషాలు."

 ఆవిడ గుమాస్తా కేసి చూసి, "ఆరు నిమిషాలని రాయండి," అంది. గుమాస్తా రాశాడు. రాసినదాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదని ఏఓ గారికి తెలుసు. పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు.

పన్నెండున్నరకి ఊపిరక్కని ఎక్స్‌రే గదికి వెళ్లమన్నారు. పాటలు విన్నందుకు ఒక హెచ్చరిక కాగితం మీద సంతకం తీసుకున్నారు. అతన్ని మిగిలిన ఆ ఒక్క కంప్యూటరూ పూర్తిచేసి వెళ్లిపొమ్మన్నారు. రేపట్నుంచి ఇంకెవర్నైనా పంపమని కంపెనీకి ఫోన్ వెళ్లింది. పావుగంటకి అతనికి మేనేజరు నుంచి ఫోన్ వచ్చింది. ఆయన అరవలేదు. "సాయంత్రం వచ్చి బ్యాగూ తాళాలూ ఇచ్చెయ్. మాట్లాడదాం," అన్నాడు. మాట్లాడదాం అన్నది ఎటు తిరిగే మాటో అతను అడగలేదు.

పదకొండో కంప్యూటరు దగ్గర కూర్చున్నాడు. సీసం అద్దం అవతల ఊపిరక్క చెయ్యి విరిగిన ఒకాయన మోచేతిని పలక మీద సర్దుతోంది. మధ్యమధ్యలో వచ్చి అతని పక్కనుంచి వంగి, తన బొమ్మ వచ్చిందో లేదో చూసుకుని వెళ్తోంది. అతనితో మాట్లాడలేదు. పెన్‌డ్రైవ్ పెట్టేముందు మీట చూసుకున్నాడు, కాపలా ఆపలేదు. గడిలో టిక్కుని అలాగే ఉంచాడు. నీలం గీత తెర మీద నత్తలా పాకింది. గుర్తుల ఫైలుకి తొమ్మిది నిమిషాలు పట్టింది. తొమ్మిది నిమిషాలూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అయ్యాక తారీఖు రాసి, ముక్క చించి, అంటించాడు.

మూడింటికి జనం తగ్గారు. అతను బ్యాగు మూసి లేచాడు. ఊపిరక్క స్టూలు మీద కూర్చుని, పొడుగు రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఆవిడ ఇంక చెయ్యాల్సిన పని కాదది. అయినా వేలు పేర్ల మీద కిందికి జరుగుతోంది.

"ఇంకా ఎన్నున్నాయక్కా?"

"నూట తొంభైఎనిమిది."

"సగం నాకివ్వండి."

ఆవిడ చాలాసేపు అతని కేసి చూసింది. తర్వాత స్టూలు పక్కకి జరిపి, రిజిస్టరు ఇద్దరి మధ్యకి వచ్చేలా బల్ల మీద పెట్టింది.

"ముందు, కంగారుపడే విషయం ఏమీ లేదని చెప్పు. ఆస్పత్రి నుంచి అనగానే వాళ్ల గుండె ఆగుతుంది. తర్వాత విషయం చెప్పు. ముసలివాళ్లయితే నెమ్మదిగా, రెండుసార్లు. ఎవరైనా తిడితే మధ్యలో అందుకోకు. పూర్తిగా తిట్టనివ్వు."

"సరే."

అతను మొదటి నంబరు నొక్కాడు. నాలుగుసార్లు మోగాక ఒక పెద్దావిడ ఎత్తింది. కంగారుపడే విషయం ఏమీ లేదని చెప్పాడు. కిందటి నెల తీసిన ఎక్స్‌రే పోయిందనీ, మళ్లీ రావాలనీ, టికెట్ అక్కర్లేదనీ చెప్పాడు. రెండోసారి కూడా చెప్పాడు.

"ఎలా పోయింది బాబూ?"

"నా పొరపాటు వల్ల పోయిందమ్మా."

 అవతల కుక్కరు కూత పెట్టింది. ఎవరో స్టవ్ తగ్గించారు.

"నీ పేరేంటి?"

పక్కన ఊపిరక్క తన నంబరు నొక్కబోతూ ఆగింది. అతను పేరు చెప్పాడు.

"ఉండు, పెన్ను తెచ్చుకుంటాను," అంది పెద్దావిడ.

అతను ఫోన్ చెవికి ఆనించుకుని, ఆవిడ వచ్చేదాకా ఆగాడు.